నీళ్లలో నవ్వుతూ చేసేది వ్యాయామమేనా?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. విజయవాడలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. మోకాళ్ల నొప్పులకి డాక్టరుగారు నీళ్లలో వ్యాయామం చేయమంటే, మా పూల్‌లో ఉదయం ఆరున్నరకి జరిగే ఆడవాళ్ల బ్యాచ్‌లో చేరాను. నాకు ఈత రాదు. అక్కడ వ్యాయామం కన్నా అల్లరి ఎక్కువ. అంత్యాక్షరి, ఆటలు, నీళ్లు చల్లుకోవడాలు. రెయిలింగ్ పట్టుకుని మెల్లగా దిగుతానని నన్ను 'కొత్తకోడలు' అంటారు. అది నాకూ సరదాగానే ఉంది. కానీ ఒక అక్క వెనక నుంచి మునిగి వచ్చి కాళ్లు లాగుతుంది. ఆవిడకి అదొక ఆట, నాకు ప్రాణం పోయినంత పనవుతుంది. ఊపిరి బిగబట్టే పందేలు కూడా పెడుతున్నారు. ఇంటికొస్తే మావారు నా వాచీ చూసి 'గుండె వేగం కూడా పెరగలేదు, ఆడుకుని వచ్చావు' అంటారు. మానేసి ఒక్కదాన్నే ఏదైనా చేసుకోవాలా? ఇంకో మాట. మా అత్తగారు, 68 ఏళ్లు, తనూ వస్తానంటున్నారు. తీసుకెళ్లొచ్చా?

జవాబు: మానకండి. కాళ్లు లాగడం మాత్రం రేపటి నుంచే ఆగాలి, ఊపిరి పందేలు కూడా. మిగతా అల్లరి ఉండనివ్వండి. ఆ అల్లరే మిమ్మల్ని రోజూ నిద్రలేపి పూల్ దగ్గరికి తీసుకెళ్తోంది. మోకాళ్ల నొప్పికి ఎన్ని వ్యాయామాలు ఉన్నా, మానకుండా చేసేదే పనికొస్తుంది.

ముందు మీవారి అనుమానం సంగతి చూద్దాం. నీళ్లలో దిగగానే మోకాళ్లు తేలికపడ్డట్టు అనిపించేది మీ భ్రమ కాదు. మీ బరువు 70 కిలోలు అనుకుందాం. నడుము దాకా నీళ్లలో నిలబడితే కాళ్ల మీద పడేది ఇంచుమించు సగం, అంటే 35 కిలోలు. ఛాతీ దాకా దిగితే 20-25 కిలోలు. మెడ దాకా అయితే ఏడు కిలోల దరిదాపుల్లోకి వస్తుంది. మెట్టు ఎక్కితే కలుక్కుమనే మోకాలు నీళ్లలో గెంతడానికి ఒప్పుకునేది అందుకే.

బరువు తగ్గింది కాబట్టి పని కూడా తగ్గిందనుకోకూడదు. నీటి సాంద్రత గాలి కన్నా దాదాపు 800 రెట్లు ఎక్కువ. చెయ్యి ముందుకు తోసినా, వెనక్కి లాగినా, పక్కకి ఊపినా నీరు అడ్డుపడుతుంది. అదే చెయ్యిని రెండింతల వేగంతో కదిపితే ఆ అడ్డు నాలుగింతలవుతుంది. కాబట్టి మీ డంబెల్ బరువెంతో మీ వేగమే నిర్ణయిస్తుంది. ఒకసారి అరచేతిని కత్తిలా నిలువుగా పెట్టి నీటిని కోయండి, తర్వాత వేళ్లు దగ్గరగా పెట్టి అరచేయి అడ్డంగా తిప్పి తోయండి. తేడా భుజంలో తెలుస్తుంది. ఇంకో మంచి సంగతి ఏమిటంటే, నేల మీద బరువును మెల్లగా కిందికి దించేటప్పుడు కండరం సాగుతూ పనిచేస్తుంది. మర్నాటి ఒళ్లు నొప్పులు చాలావరకు దానివల్లే. నీళ్లలో ఆ తరహా పని తక్కువ. అందుకే గట్టిగా చేసినా మర్నాడు మంచం దిగడానికి మూలగాల్సిన పని ఉండదు.

వాచీ అబద్ధం చెప్పలేదు, కానీ నీళ్లలో లెక్క వేరు. ఛాతీ దాకా నీళ్లలో ఉన్నప్పుడు నీటి ఒత్తిడికి కాళ్లలోని రక్తం పైకి, గుండె వైపుకి సులువుగా చేరుతుంది. గుండె ఒక్కో దెబ్బకి ఎక్కువ రక్తం పంపగలుగుతుంది కాబట్టి అదే శ్రమకి నేల మీద కన్నా నిమిషానికి 10-15 సార్లు తక్కువ కొట్టుకోవచ్చు. దానికితోడు మణికట్టుకి, వాచీకి మధ్య నీరు చేరితే ఆ అంకె ఎలాగూ నమ్మదగ్గది కాదు.

వాచీ బదులు మీ అంత్యాక్షరినే కొలతగా పెట్టుకోండి. ఇది నేను సరదాకి చెప్పడం లేదు. వ్యాయామం మోతాదు చూడడానికి డాక్టర్లు, కోచ్‌లు వాడే పద్ధతి అచ్చం ఇదే. నీళ్లలో జాగింగ్ చేస్తూ పల్లవి, చరణం హాయిగా పాడేస్తున్నారంటే పని చాలడం లేదు, వేగం పెంచాలి. 'ఇప్పుడు మీ వంతు, మ అక్షరం' అని చెప్పగలుగుతున్నారు కానీ పాట మధ్యలో తెగిపోతోందంటే అదే సరైన మోతాదు. ఆ మాట కూడా రెండు ముక్కలై వస్తోందంటే తగ్గించండి. మీ బ్యాచ్ నిలబడి పాడుతోందా, పరిగెడుతూ పాడుతోందా అన్నదొక్కటే చూసుకోవాలి. పాట వచ్చేసరికి అందరూ ఆగిపోయి గట్టుకి ఆనుకుని కబుర్లలో పడితే మాత్రం మీవారు అన్నది నిజమే.

ఆటల్లో అసలైన కసరత్తు ఎంత ఉందో చెప్పడానికి మీ బ్యాచ్ రేపే ఆడగల ఆట ఒకటి చెబుతాను. అందరూ గుండ్రంగా నిలబడి, ఒకరి వెనక ఒకరు, ఒకే వైపు వేగంగా నడవండి. రెండు మూడు నిమిషాల్లో నీరంతా సుడి తిరుగుతూ మిమ్మల్నే తోసుకెళ్తుంది. అప్పుడు ఒకరు 'తిరుగు' అని అరవాలి. అందరూ వెనక్కి తిరిగి ఆ ప్రవాహానికి ఎదురు నడవాలి. మొదటి నాలుగడుగులు ఎవరికీ పడవు. పొట్ట బిగుస్తుంది, తొడలు మండుతాయి, పక్కవాళ్లు వచ్చి మీద పడతారు, నవ్వు ఆగదు. పడిపోకుండా నిలబడడానికి నడుము, పొట్ట చేసే పని ఉందే, దాన్నే జిమ్‌లో డబ్బులిచ్చి చేయిస్తారు.

చిన్నప్పటి తొక్కుడుబిళ్ల కూడా నీళ్లలోకి చక్కగా వస్తుంది. ఛాతీ లోతులో ఒంటికాలి మీద గెంతుతూ అటు గట్టు దాకా వెళ్లి, కాలు మార్చి రావడం. నేల మీద మీ మోకాలితో ఆ ఆట ఊహించుకోవడానికే భయమేస్తుంది. నీళ్లలో గెంతినా దిగేటప్పుడు నీరు మెల్లగా దించుతుంది. ఒప్పులకుప్ప కూడా ఆడొచ్చు, తల తిరిగే జబ్బు ఉన్నవాళ్లు తప్ప.

ఇవే కదలికలు ఒంటరిగా చేయొచ్చు కదా అంటే, చేయొచ్చు. నాలుగో రోజుకి విసుగొస్తుంది, అంతే తేడా. కలిసి చేస్తే శరీరం కూడా కొంచెం వేరుగా స్పందిస్తుందని అనిపించే పరిశోధన ఒకటి ఉంది. 2010లో అచ్చయిన ఆ పరిశోధనలో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని పడవ పోటీల జట్టు కుర్రాళ్లని ఒకసారి ఒంటరిగా, ఒకసారి జట్టుగా ఒకే లయలో తెడ్లు వేయించి చూశారు. కష్టం ఒకటే. కానీ కలిసి చేసిన తర్వాత వాళ్లు నొప్పిని ఎక్కువ ఓర్చుకోగలిగారు. పట్టుమని పదీ పన్నెండు మంది మీద చేసిన చిన్న ప్రయోగం అది, దాన్నే వేదంగా పట్టుకోనక్కర్లేదు. కానీ అందరూ ఒకే తాళానికి కాళ్లు ఆడిస్తున్నప్పుడు ఇంకో రెండు నిమిషాలు చేయగలమనిపించడం మీకూ అనుభవమే అయి ఉంటుంది. 'ఈ వయసులో ఆటలేంటి' అనే మాట ఎవరైనా అంటే, 1970లో అమెరికాలోని అమరిల్లోలో మొదలైన మాస్టర్స్ ఈత పోటీల గురించి చెప్పండి. ఇప్పుడు మన దేశంలోనూ జరుగుతాయి. అంతర్జాతీయ మాస్టర్స్ పోటీల్లో 25 ఏళ్ల నుంచి ఐదేసి ఏళ్లకి ఒక విభాగం, తొంభై దాటినవాళ్లకీ విభాగం ఉంది.

ఇక ఆ అక్క సంగతి.

ఆవిడ చెడ్డ మనిషి కాదు. ఈత బాగా వచ్చినవాళ్లకి నీళ్లంటే భయం ఎలా ఉంటుందో గుర్తుండదు. కానీ ఈత రాని మనిషి కాళ్లు లాగడం ఆట కాదు, నాకు ఈ విషయంలో రెండో అభిప్రాయం లేదు. తల ఒక్కసారిగా మునిగితే మనిషి ఉలిక్కిపడి నోటితో గాలి పీలుస్తుంది, అక్కడ గాలి బదులు నీరు ఉంటుంది. పక్కన దొరికిన వాళ్ల మెడ పట్టుకుని పైకి ఎక్కబోతుంది. అప్పుడు ఇద్దరూ ప్రమాదంలో పడతారు. నీళ్లు చల్లుకోవడం, ఎదురెదురుగా తోసుకోవడం, పేర్లు పెట్టుకోవడం అన్నీ సరే. కానీ ఎవరి తలనూ వాళ్ల ఇష్టం లేకుండా నీళ్లలోకి పంపకూడదు. ఈ ఒక్క నియమం బ్యాచ్ మొత్తానికి ఉండాలి.

చెప్పడం ఎలా అన్నదే మీ ఇబ్బంది అని తెలుస్తోంది. దగ్గుతూ, కళ్లల్లో నీళ్లతో, నీళ్లలో ఉన్నప్పుడు చెప్పకండి, అందరూ నవ్వేస్తారు. దిగకముందు, గట్టు మీద, ఆవిడ క్యాప్ పెట్టుకుంటుండగా పక్కన కూర్చుని చెప్పండి. 'అక్కా, నీళ్లు ఎన్ని చల్లినా నవ్వుతాను. కాళ్లు మాత్రం లాగొద్దు. నాకు ఈత రాదు, నిజంగా ఊపిరి ఆగిపోతోంది. మీకు ఈత బాగా వచ్చు కదా, నాకు తేలడం నేర్పండి.' చివరి మాట తప్పకుండా అనండి. అది బతిమాలడం కాదు. ఆవిడ హుషారుకి ఒక పని దొరుకుతుంది, రేపటి నుంచి మీ పక్కన ఉండే మనిషి ఆవిడే అవుతుంది. అప్పటికీ మానకపోతే మొహమాటం లేకుండా కోచ్‌కి చెప్పండి. చెయ్యి పైకెత్తి పిడికిలి బిగిస్తే ఆట ఏదైనా సరే అందరూ ఆగాలి అనే గుర్తు ఒకటి బ్యాచ్‌లో పెట్టించండి.

'కొత్తకోడలు' అనే పేరు మీకు నచ్చిందన్నారు, సంతోషం. పేర్లు పెట్టడంలో నేను చూసేది ఒకటే. ఆ పేరున్న మనిషి కూడా మనస్ఫూర్తిగా నవ్వుతోందా? ఒంటి బరువు మీద, రంగు మీద, బట్టల మీద పడే జోకులకి ఎవరూ మనస్ఫూర్తిగా నవ్వరు. అలాంటి మాట ఒకటి పడిందంటే ఒకావిడ మర్నాటి నుంచి కనపడదు, ఎందుకో ఎవరికీ చెప్పదు. మీ బ్యాచ్‌లో అలా మానేసినవాళ్లు ఎవరైనా ఉంటే ఒకసారి ఫోన్ చేసి పిలవండి.

మీ భయం తగ్గడానికి మీరు నేర్చుకోవాల్సిన మొదటి విద్య ఈత కాదు, తేలుతున్నప్పుడు లేచి నిలబడడం. ఈత రానివాళ్ల భయమంతా కాళ్లు నేల వదిలాక మళ్లీ అందుతాయో లేదో అనే. గట్టు పక్కన, ఛాతీ లోతు మించని చోట, కోచ్ చెయ్యి అందేంత దూరంలో మొదలుపెట్టండి. కిక్‌బోర్డు, అంటే నీళ్లలో తేలే పలక, పట్టుకుని బోర్లా తేలండి. లేవాలనుకున్నప్పుడు తల పైకెత్తి తన్నుకోవద్దు. అలా చేస్తే కాళ్లు ఇంకా వెనక్కి పోతాయి. ముందు రెండు మోకాళ్లూ పొట్ట దగ్గరికి ముడుచుకోండి. ఆ క్షణంలో ఒళ్లు దానంతటదే నిలువుగా తిరగడం తెలుస్తుంది. అప్పుడు చేతులతో నీటిని కిందికి నొక్కుతూ పాదాలు చాపి నేల మీద పెట్టి, చివరగా తల ఎత్తండి. ఇది నిద్రలో లేపినా వచ్చేదాకా చేయండి. దాంతోపాటు మూతి నీళ్లలో పెట్టి ముక్కుతో బుడగలు వదలడం. ముక్కులోంచి గాలి బయటికి పోతున్నంతసేపూ నీరు లోపలికి రాదు. ఈ రెండూ వచ్చినరోజు ఎవరైనా పొరపాటున మీద పడినా మీరు కంగారు పడరు.

లోతు విషయం కూడా మీ ఎత్తును బట్టి చూసుకోండి. పొడుగ్గా ఉన్నావిడకి నాలుగడుగుల నీరు ఛాతీ దాకా వస్తే, అయిదడుగుల మనిషికి భుజాల దగ్గరికి వచ్చేస్తుంది. 'ఇక్కడికి రా, ఏం కాదు' అని పిలిచిన స్నేహితురాలికి ఏమీ కాదు, ఆవిడ ఎత్తు వేరు.

ఊపిరి బిగబట్టే పందేలు పూర్తిగా ఆపేయండి. ఈత బాగా వచ్చినవాళ్లకే ఇది ఎక్కువ ప్రమాదం. గెలవాలని ముందు గబగబా గాలి పీల్చి వదులుతారు. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. ఊపిరి తీసుకోవాలని మనల్ని తొందరపెట్టేది ప్రధానంగా ఆ వాయువు పెరగడమే కానీ ఆక్సిజన్ తగ్గడం కాదు. హెచ్చరిక రాకముందే ఆక్సిజన్ అడుగంటి, మనిషి నీటి కింద స్పృహ తప్పుతుంది. పైనుంచి చూసేవాళ్లకి ఇంకా పందెంలో ఉన్నట్టే కనపడుతుంది.

ఇదే భయం మామూలు ఆటలప్పుడు కూడా మనసులో పెట్టుకోవాలి. మునిగిపోతున్న మనిషి సాధారణంగా కేకలు వేయదు. ఊపిరికే సమయం చాలదు, అరవడానికెక్కడిది? తల వెనక్కి వాలి, నోరు నీటి మట్టంలో తేలుతూ మునుగుతూ ఉంటుంది, చేతులు పక్కలకి నీటిని నొక్కుతుంటాయి. చుట్టూ పదిమంది నవ్వుతూ అరుస్తుంటే అది ఎవరి కంటా పడదు. కాబట్టి కోచ్ కానీ లైఫ్‌గార్డ్ కానీ గట్టు మీద నిలబడి ఉండాలి, ఫోన్ చూస్తూ కాదు. ఇద్దరిద్దరు జతలుగా ఉండండి. ఆట మారినప్పుడల్లా జంట ఎక్కడుందో చూసుకోండి. ఉరుములు వినపడితే ఆట మధ్యలోనైనా సరే అందరూ బయటికి.

చిన్న చిన్న సంగతులు కొన్ని. కాటన్ చుడీదార్‌తో దిగకండి. నీరు పీల్చి బరువెక్కి కాళ్లకి చుట్టుకుంటుంది. ఒళ్లు కప్పుకోవాలనుకుంటే నైలాన్ లేదా పాలిస్టర్‌తో కుట్టిన ఫుల్ స్లీవ్ స్విమ్ సూట్లు, కింద లెగ్గింగ్స్ దొరుకుతాయి. పొడుగు గొలుసులు ఇంట్లో పెట్టి రండి. మంగళసూత్రం తీయడం ఇష్టం లేకపోతే సూట్ లోపలికి వేసుకోండి. సుడి ఆటలో పక్కావిడ చేతికి నల్లపూసలు చిక్కుకుంటే తెగేది దారమే కాదు, మెడ కూడా కోసుకుంటుంది. మెట్టెల అంచులు కాళ్లు ఆడించేటప్పుడు పక్కవాళ్ల పిక్కలు గీరతాయి, టేపు చుట్టుకోవచ్చు. జుట్టు ముందు మంచినీళ్లతో పూర్తిగా తడిపి క్యాప్ పెట్టుకుంటే క్లోరిన్ నీళ్లని తక్కువ పీలుస్తుంది. తలకి నూనె దట్టంగా పట్టించి దిగితే మాత్రం పూల్ నీళ్లు పాడవుతాయి.

దిగిన కాసేపటికే బాత్రూమ్‌కి వెళ్లాలనిపిస్తే కంగారు పడకండి. ఇందాక చెప్పిన నీటి ఒత్తిడి వల్లే ఒంట్లో నీరు త్వరగా బయటికి పంపాలని శరీరం చూస్తుంది. సిగ్గుపడకుండా ఎక్కి వెళ్లి రండి. పూల్ దగ్గర కళ్లు మండించే ఘాటు వాసన ఉంటుందే, అది ఉత్త క్లోరిన్‌ది కాదు. చెమట, మూత్రం క్లోరిన్‌తో కలిసినప్పుడు పుట్టే పదార్థాలది. దిగేముందు షవర్ చేయమనేది అందుకే. నీళ్లలో పట్టే చెమట కనపడదు కాబట్టి గట్టు మీద తాగడానికి ఒక బాటిల్ ఉంచుకోండి.

మీవారికి చెప్పడానికి ఒక లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దలకి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం కావాలి. అంత్యాక్షరి పాట తెగేంత వేగంతో, రోజుకి 40 నిమిషాల చొప్పున వారానికి నాలుగు రోజులు మీరు చేస్తే 150 దాటేసినట్టే. ఒక్క లోటు మాత్రం ఉంది. నీళ్లలో ఎముకల మీద బరువు అంతగా పడదు కాబట్టి ఎముకల గట్టిదనానికి ఇదొక్కటే చాలదు. ఆడవాళ్లకి ఈ వయసు నుంచి అది ముఖ్యం. వారంలో రెండు రోజులు ఇంట్లో కుర్చీలోంచి చేతులు ఆనకుండా లేచి కూర్చోవడం, చిన్న బరువులు ఎత్తడం మీ డాక్టరుగారిని అడిగి మొదలుపెట్టండి. మీవారిని సాయంత్రం మగవాళ్ల బ్యాచ్‌కి పంపండి, సుడిలో ఎదురు నడిచి చూస్తే వాచీ ప్రస్తావన మళ్లీ తేరు.

అత్తగారిని తప్పకుండా తీసుకెళ్లండి. కాకపోతే ముందు ఆవిడ డాక్టరుగారి మాట తీసుకోవాలి. గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, మూర్ఛ, మానని పుండ్లు, చెవి కర్ణభేరికి రంధ్రం ఉంటే ఆయన చెప్పేదాకా ఆగండి. సుగర్‌కి మందులు వాడుతుంటే ఏమీ తినకుండా రానివ్వకండి, గట్టు మీద గ్లూకోజు పొడో, చాక్లెట్లో ఉంచండి. నీళ్లు చల్లగా ఉంటే కీళ్లు బిగుస్తాయి కాబట్టి ఎండ కాస్త ఎక్కాక తీసుకెళ్లడం మేలు. నిచ్చెన కాకుండా రెయిలింగ్ ఉన్న మెట్ల వైపు నుంచి దించండి. మొదటి వారం పది, పదిహేను నిమిషాలు, నడుము లోతులో మీ చెయ్యి పట్టుకుని నడిస్తే చాలు. ఆవిడ కృష్ణా కాలువల పక్క పెరిగి, చిన్నప్పుడు సొరకాయ బుర్ర కట్టుకుని ఈత నేర్చినవారైనా సరే, ఈ జాగ్రత్త వదలకండి. అలవాటున్నవాళ్లే ఒళ్లు మునుపటిలా ఉందనుకుని లోతుకి వెళ్తారు.

అన్నిటికన్నా ముఖ్యంగా, ఎక్కేటప్పుడు తొందరపెట్టకండి. నీళ్లలోంచి బయటికి రాగానే అప్పటిదాకా మోయని బరువంతా ఒక్కసారి కాళ్ల మీద పడుతుంది, నీటి ఒత్తిడి పోయి రక్తం కిందికి జారి కళ్లు తిరగొచ్చు. మెట్ల మీదే ఒక నిమిషం కూర్చోబెట్టి, తర్వాత బెంచీ మీద టవల్ కప్పి, నీళ్లు తాగించి, ఆ తడి గచ్చు మీద మీరు చెయ్యి పట్టుకునే నడిపించండి.